ముందు చక్రాలు లాగుతయా? ఆ ఒక్క ముక్క ఎవరూ అడగరు

ఇయ్యాల పోస్టు పొడుగ్గా ఉంటది. పాలు పోసి వచ్చినంక తీరిగ్గా చదవండి.

ముందుగాల ఒక పని చేయండి. మీ ఇంట్లనో, మీ పాలోళ్ల ఇంట్లనో పాత జీపు ఉంటే దాని ఆర్సీ తీసుకొని కూర్చోండి. కంపెనీ పేరు ఉంటది. బాడీ ఏ రకమో ఉంటది. సిలిండర్లు ఎన్ని, సీసీ ఎంత, సీట్లు ఎన్ని, ఖాళీ బండి బరువెంత, ఆఖరికి రంగు ఏందో కూడా ఉంటది. ఆ బండికి ఎన్ని చక్రాలు లాగుతయో మాత్రం ఉండదు. ఆ గడే లేదు. వెనక రెండు చక్రాలే తిరిగే బండి అయినా, నాలుగు చక్రాలూ కలిసి బురదలకెళ్లి బయటికి తెచ్చే బండి అయినా సర్కారు కాగితం మీద ఒక్కటే: మోటార్ కార్.

రంగు రాసుకునేటోళ్లకు చక్రం సంగతి రాసుకోబుద్ధి కాలేదు. నా కొట్లాట అంతా దీని మీదనే.

మాది ఎంఎం 540, 1991 మోడల్. మా నాయిన 1996ల సెకండ్ హ్యాండ్‌ల కొన్నడు. అప్పటి నుంచి ఈ బండి మా ఇంట్ల ఎద్దుల లెక్కనే ఉన్నది. కాలిపోయిన బోరు మోటరు వైండింగ్‌కు పోయినా, యూరియా బస్తాలు వచ్చినా, డ్రిప్పు పైపుల చుట్టలు మోసినా, పాల క్యాన్లు రోడ్డుకు చేరినా అన్నీ దీంట్లనే. ఈ యేడు దాని రిజిస్ట్రేషన్ గడువు అయిపోతున్నది. 2021ల రెన్యువల్ చేయించినప్పుడు కేంద్రం పెట్టిన ఫీజు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ 1 నుంచి దాన్ని 5,000 చేసిండ్రు. 2025 ఆగస్టుల మళ్లీ మార్చి, 20 ఏండ్లు దాటిన తేలికపాటి బండ్లకు 10,000 చేసిండ్రు. గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం. అదే ఐదేండ్లల్ల సాధారణ వడ్ల మద్దతు ధర 1,940 నుంచి 2,369 అయింది. జీపు ఫీజు పెరిగిన లెక్కన వడ్ల ధర పెరిగి ఉంటే క్వింటాలు 32 వేలు దాటాలె. అట్ల పెరిగి ఉంటే నేను ఈ పోస్టు రాయకుండ కొత్త బండి కొనుక్కుందును.

అయినా ఫీజు నా అసలు బాధ కాదు. ఐదేండ్లకు 10,000 అంటే సంవత్సరానికి 2,000. కట్టుకోవచ్చు. ఏ లెక్కన కడుతున్ననో అదే నా బాధ. గచ్చిబౌలిల ఆఫీసుకు పోయే ఏసీ కారూ నా బురద జీపూ ఒకే ఖానాల పడ్డయి.

బొంతపల్లి అంటే బయటోళ్లకు రెండే గుర్తు. ఒకటి వీరభద్రస్వామి గుడి, రెండోది మందుల కంపెనీల వాసన. కంపెనీలకు పోయే రోడ్లు మంచిగనే ఉన్నయి, లారీలు తిరగాలె కాబట్టి. మన పొలాలకు పోయే బాటల సంగతి మీకు చెప్పే పని లేదు. పాత బండ్ల బాట ఒక కాడ ప్రహరీ గోడ కట్టంగనే ఒంకర తిరిగింది, ఇంకో కాడ వెంచర్ రాళ్లు పాతంగనే సగమైంది. మిగిలిన సగంల వానకాలం నాలుగు నెలలు రేగడి బురద. ట్రాక్టర్ పోతది, నిజమే. కాని ట్రాక్టర్ ఇంట్ల నలుగురు మనుషులను కూర్చోబెట్టుకొని పోయేది కాదు. ఇంజన్ మడ్‌గార్డు మీద కూర్చొని కింద పడి సచ్చినోళ్లు ఏ ఊర్ల లేరు?

2020 అక్టోబర్ వానలు మర్చిపోయిండ్రా? ఆ వారం మా కోతలు సగంల ఆగినయి. ఒక రాత్రి మా పొలంల కాపలా ఉన్న కూలీ మనిషిని పాము కరిచింది. 108 వచ్చింది, కాని తారు రోడ్డు మీదనే ఆగింది. అక్కడి నుంచి కిలోమీటరున్నర బాట, నడుమ ఒర్రె పారుతున్నది. డ్రైవర్‌ను నేను తప్పు పట్ట, ఆ బండి దిగిందంటే అక్కడే ఉండిపోతుండె. మా తమ్ముడు జీపు తీసిండు, లో గేర్ల వేసిండు, ఒర్రె దాటించిండు, మనిషిని తెచ్చి అంబులెన్స్‌ల పెట్టిండు. ఇయ్యాల ఆ మనిషి పత్తి ఏరుతున్నడు. ఆ రాత్రి పని చేసిన బండిని కాగితం మీద "మోటార్ కార్" అని చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతది.

ఇగ మా మేనమామ కథ చెప్త. ఆయనకు కూడా పాత ఫోర్ బై ఫోర్ జీపే ఉండె, మా దానికంటే మంచి కండీషన్. రెండేండ్ల కింద ఒకాయన వచ్చి, "పదిహేనేండ్లు దాటిన బండి రోడ్డెక్కితే సీజ్ చేస్తరు, స్క్రాప్ చేయాలని ఆర్డర్ వచ్చింది, ఇప్పుడే ఇచ్చేస్తే నయం" అని భయపెట్టిండు. 65 వేలకు తీసుకపోయిండు. ఇంచుమించు తూకానికి అమ్మినట్టే. ఆరు నెలలకు మా మామ నర్సాపూర్ రోడ్డు మీద ఒక ఫామ్‌హౌస్ గేటు ముంగట అదే బండిని చూసిండు. మిలిటరీ రంగు, లావు టైర్లు, ముంగట తాడు చుట్టే వించ్. నంబర్ అదే. గేటు కాడ పిలగాడు "ఇది క్లాసిక్ అన్నా, ఆరు లక్షలు పెట్టి తెచ్చిండ్రు" అన్నడట. మామ ఏం అనకుండ వచ్చిండు. మూడు రోజులు అన్నం సరిగ్గ తినలేదని అత్తమ్మ చెప్పింది.

కాబట్టి మొదలు ఈ భయం సంగతి తేల్చుకుందాం. మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం సొంత బండి రిజిస్ట్రేషన్ మొదటిసారి 15 ఏండ్లు. తర్వాత బండిని చూపించి, ఫిట్‌గా ఉందని తేలితే ఐదేండ్లకు ఒకసారి రెన్యువల్. ఫారం 25 అంటరు. గడువుకు 60 రోజుల ముందు నుంచి పెట్టుకోవచ్చు. 15 ఏండ్లు దాటంగనే తుక్కు చేయాలన్న రూలు మన రాష్ట్రంల రైతు బండికి లేదు. మరి ఈ పుకారు యాడికెళ్లి పుట్టింది? రెండు నిజాలను కలిపి ఒక అబద్ధం చేసిండ్రు. మొదటిది, 2023 ఏప్రిల్ నుంచి 15 ఏండ్లు దాటిన ప్రభుత్వ బండ్లకు రెన్యువల్ ఆపేసిండ్రు. అది సర్కారు సొంత బండ్లకు. రెండోది, ఢిల్లీ చుట్టుపక్కల పదేండ్లు దాటిన డీజిల్ బండ్ల మీద పెట్టిన ఆంక్ష. అది అక్కడి గాలి సంగతి. ఈ రెండూ టీవీల చూసి మనోళ్లు సంగారెడ్డి జిల్లాకు అన్వయించుకున్నరు. కొనేటోడు కాదనలేదు, ఎందుకంటడు?

ఆయన మోసం ఆయన చేసిండు. కాని ఆ మోసానికి దారి వేసింది మాత్రం ఈ ఖానాల లెక్కనే. బండి దేనికి పనికొస్తదో కాగితం మీద ఉండి ఉంటే, మా మామ చేతిల ఒక మాట ఉండు. "ఇది పొలం బండి, దీని లెక్క వేరే" అనేటోడు.

చట్టంల "మోటార్ కార్" అంటే ఏందో చదివిన. నవ్వొస్తది. రవాణా వాహనం కానిది, ఓమ్నీ బస్ కానిది, రోడ్డు రోలర్ కానిది, ట్రాక్టర్ కానిది, మోటార్ సైకిల్ కానిది, వికలాంగుల బండి కానిది ఏదైనా మోటార్ కారే. అంటే కారు అంటే ఏందో చెప్పలేదు, ఏది కాదో చెప్పిండ్రు. సంతల పశువులను వేరు చేస్తూ ఎద్దు కాదు, బర్రె కాదు, మేక కాదు, కాబట్టి ఇది గుర్రం అన్నట్టున్నది. మన జీపు ఇట్ల మిగిలిన దాంట్ల పడ్డది.

మరి వ్యవసాయ ట్రాక్టర్‌కు? దానికి నిర్వచనం సక్కగ ఉన్నది. నాలుగు చక్రాలది, ఇంజన్‌తోని నడిచేది, పనిముట్లు తగిలించి పొలం పనులు చేసేందుకో, ట్రాలీ కట్టి వ్యవసాయ సరుకు మోసేందుకో తయారైనది. చూసిండ్రా, ఇక్కడ పని చూసిండ్రు. ట్రాక్టర్‌ను పనిని బట్టి వర్గం చేసిండ్రు, జీపును మాత్రం వదిలేసిండ్రు. ఇంకో విచిత్రం: మన ఊర్లల్ల తిరిగే ట్రాక్టర్లల్ల ఎక్కువ భాగం వెనక చక్రాలు లాగేటివే. నాలుగు చక్రాలు లాగే జీపేమో కారు.

ఇప్పుడు ఒకరిద్దరు అంటరు, జీపు ఎప్పుడు వ్యవసాయ బండి అయింది, అది మిలిటరీది కదా అని. పుట్టుక మిలిటరీదే. 1940ల అమెరికా సైన్యం తేలికైన నాలుగు చక్రాల బండి కావాలని అడిగితే బాంటమ్, విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు తయారు చేసినయి. యుద్ధంల ఆరు లక్షలకు పైగా బండ్లు వచ్చినయి. కాని యుద్ధం అయిపోతున్న 1945లనే విల్లీస్ కంపెనీ ఏం చేసిందో చూడండి. సీజే-2ఏ అని జనం కోసం జీపు దించింది. సీజే అంటే సివిలియన్ జీప్. దాన్ని అమ్మింది ఎవరికనుకున్నరు? రైతులకు. వెనక నాగలి కట్టే డ్రాబార్, యంత్రాలు తిప్పే పీటీవో షాఫ్ట్ పెట్టుకునే వీలు, అన్నీ ఉండె. ట్రాక్టర్, చిన్న ట్రక్కు, కరెంటు లేని కాడ ఇంజన్, ఇంటిల్లిపాది పోయే బండి, అన్నీ ఇదొక్కటే అని చెప్పి అమ్మిండ్రు. ఇంగ్లండ్‌ల ల్యాండ్ రోవర్ కథ కూడా ఇదే. రోవర్ కంపెనీ ఇంజనీరు మారిస్ విల్క్స్ తన పొలంల యుద్ధం నాటి పాత జీపు వాడుతూ, ఇది పాడైతే ఇంకోటి యాడ దొరకాలె అనుకొని, సొంతంగ ఒకటి తయారు చేపిచ్చిండు. 1948ల బయటికి వచ్చింది. అదీ రైతు బండే.

మన దగ్గర మహీంద్రా వాళ్లు 1940ల చివర విల్లీస్ జీపులు విడిభాగాలు తెచ్చి బిగించుడు మొదలుపెట్టిండ్రు. తర్వాత సీజే-3బీ, మనోళ్లు ఎత్తు బానెట్ జీపు అనేది. బానెట్ ఎందుకు ఎత్తు అంటే కింద ఉన్న హరికేన్ పెట్రోల్ ఇంజన్ పొడుగు ఎక్కువ, అది పట్టాలని బానెట్ లేపిండ్రు, అంతే. 1963ల మహీంద్రా వాళ్లు ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీతో కలిసి ట్రాక్టర్ల కంపెనీ పెట్టిండ్రు. బీ-275 ట్రాక్టర్ పెద్దోళ్లకు యాదికి ఉంటది. ఆ ట్రాక్టర్ ఇంజన్ వంశమే తర్వాత సీజే 500డీ జీపుల డీజిల్ ఇంజన్‌గా కూర్చున్నది. ఒకే తల్లి పిల్లలు. ఒకదానికి వ్యవసాయ యంత్రం అని పేరు, ఇంకోదానికి కారు అని పేరు. మా 540లది ప్యూజో డీజిల్, అది వేరే వంశం, కాని పని అదే పని.

ఇక్కడ ఒక మాట నిజాయితీగ చెప్పాలె. జీపు ఆకారం ఉన్నదల్లా ఫోర్ బై ఫోర్ కాదు. మన రోడ్ల మీద షేర్ జీపులుగా తిరిగిన కమాండర్లు, మార్షళ్లు ఎక్కువ వెనక చక్రాలవే. కొంతమంది టూ బై ఫోర్ కొని "మా జీపు ఏడికైనా పోతది" అని ఒర్రెల దింపి, తర్వాత ఊరి ట్రాక్టర్లను పిలుస్తరు. తెలుసుకునుడు సులువే. బండి కింద ముందు వైపు వంగి చూడండి. ముందు ఇరుసు మధ్యల గుమ్మడికాయ లెక్క గుండు ఉన్నదా? వెనక ఇరుసుకు ఉన్నట్టే ముందుకు కూడా ఉండాలె. లోపల గేర్ రాడ్ పక్కన ఇంకో రాడ్డో, రెండు చిన్న రాడ్లో ఉన్నయా? అవి ట్రాన్స్‌ఫర్ కేస్‌వి. ఒకటి ముందు చక్రాలను కలుపుతది, ఇంకోటి లో వేస్తది. లో వేస్తే ఇంజన్ బలం చక్రాల కాడ దాదాపు రెండున్నర రెట్లు అయితది, వేగం అంతే తగ్గుతది. అదే బురదల పని చేసేది. ఉత్త ముందు చక్రాలు తిరిగితే సగం పనే.

ఇంకొక్కటి. ఈ పాత బండ్లల్ల ఎండిన తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసుకొని తిరగొద్దు. మూల తిరిగినప్పుడు ముందు చక్రాలు, వెనక చక్రాలు వేరే వేరే దూరం పోతయి. ఆ తేడాను సర్దే పరికరం నడుమ లేదు. జారే నేల మీద అయితే చక్రం జారి సర్దుకుంటది, తారు మీద ఆ బిగువంతా షాఫ్టులల్ల, గేర్లల్ల పేరుకుంటది. మా తమ్ముడు కొత్తల ఇట్లనే నడిపి 14 వేల బిల్లు తెచ్చిండు.

ఇగ పన్ను సంగతికి రండి, అక్కడ ఇంకా వింత. జీఎస్టీల ఎస్‌యూవీ అంటే ఏందో మొన్నటిదాకా ఒక కొలత ఉండె. ఇంజన్ 1500 సీసీ దాటాలె, పొడుగు 4 మీటర్లు దాటాలె, కింద నేలకు ఎత్తు 170 మిల్లీమీటర్లు ఉండాలె. ఈ మూడూ ఉంటే 28 శాతం జీఎస్టీ మీద 22 శాతం సెస్, మొత్తం 50. లాగే చక్రాలు ఎన్ని అన్న ముక్క ఇక్కడ కూడా లేదు! ముందు చక్రాలే లాగే సిటీ బండి, జన్మల మట్టి ముట్టనిది, ఎత్తుగా ఉంటే చాలు, ఎస్‌యూవీ అయింది. మూడు డోర్ల థార్ పొడుగు 3,985 మిల్లీమీటర్లు. 15 మిల్లీమీటర్లు తక్కువ కాబట్టి అది ఆ లెక్కన ఎస్‌యూవీ కాకుండ పోయింది, 48 శాతంల పడ్డది. మిల్లీమీటర్లు కొలిచిన చెయ్యి ఇరుసు కాడికి ఎందుకు పోలేదు?

2025 సెప్టెంబర్ 22న రేట్లు మారినయి. ట్రాక్టర్ మీద 12 నుంచి 5 శాతానికి తగ్గించిండ్రు. మంచి పని, నేను కాదనను. 4 మీటర్ల లోపు, డీజిల్ 1500 సీసీ లోపు బండ్లు 18 శాతం. దాని మీదివి 40. ఇప్పుడు చూడండి: వెనక చక్రాలే లాగే చిన్న డీజిల్ ఇంజన్ థార్ 18 శాతంల పడ్డది. నాలుగు చక్రాలు లాగే 2184 సీసీ డీజిల్ థార్ 40 శాతంల పడ్డది. జిమ్నీ చిన్న బండే, నాలుగు చక్రాలూ లాగుతది, కాని పెట్రోల్ 1200 సీసీ దాటింది కాబట్టి అది కూడా 40. నాలుగు చక్రాలు లాగుతున్నయని పగబట్టి వేసింది కాదు, ఇంజన్ పెద్దదని వేసిండ్రు, నాకు తెలుసు. ఫలితం మాత్రం ఒక్కటే. జీపు వేషం వేసుకొని టౌన్ల తిరిగేటోనికి తక్కువ పన్ను, నిజంగ బురదల దిగేటోనికి విలాసం పన్ను. మన బాటకు విలాసం అన్న మాట ఎంత సరిపోతదో వానకాలం ఒకసారి వచ్చి చూడమనాలె.

క్యాంపర్ ఉంది కదా, అది ఫోర్ బై ఫోర్‌ల దొరుకుతది, తీసుకోరాదు అంటరు. అది సరుకు వాహనం. పసుపు ప్లేటు, మాటిమాటికి ఫిట్‌నెస్, కమర్షియల్ ఇన్సూరెన్స్. సొంత ఇంటి పాలు, సొంత ఇంటి ముసలోళ్లను తీసుకుపోయే రైతు కిరాయి బండి ఓనర్ ఎందుకు కావాలె?

పాత బండ్లకు ఇంకో తలుపు తెరిచినం అని 2021 జూలైల కేంద్రం చెప్పింది. వింటేజ్ వాహనాల రూల్స్. 50 ఏండ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్ అసలుది మార్చకుండ ఉన్న బండికి "వీఏ" అని ప్రత్యేక నంబర్. కొత్తగ చేస్తే 20,000, పదేండ్లు. తర్వాత 5,000. వినటానికి బాగుంది. కాని ఆ నంబర్ తీసుకుంటే బండిని రోజువారీ పనికి తిప్పొద్దు. ప్రదర్శనకు, వింటేజ్ ర్యాలీకి, పరిశోధనకు, పెట్రోలుకు, రిపేరుకు, అంతే. 1970ల సీజే-3బీ ఇప్పటికీ బోరు కాడికి పోతున్నదంటే దానికి సన్మానం చేయాలె. ఈ రూల్ల దానికి దొరికే సన్మానం ఏందంటే పొలం మానేసి పూలదండ వేసుకొని నిలబడుడు. మోజు కోసం దాచుకున్న బండికి వర్గం ఉన్నది, పని చేసే పాత బండికి లేదు.

బయటి దేశాలల్ల ఇట్ల లేదని చెప్పటానికి రెండు ముక్కలు. బ్రిటన్‌ల ల్యాండ్ రోవర్‌ను మొదలు కమర్షియల్ బండి కింద పెట్టిండ్రు. కొనుగోలు పన్ను తప్పింది గాని, గంటకు 30 మైళ్లు దాటొద్దన్న రూల్ పడ్డది. ఒకాయన మీద స్పీడ్ కేసు అయితే అది పై కోర్టుల దాకా పోయింది. 1950లల్ల ఆ లెక్క తేలి, రెండు పనుల బండి అన్న వర్గంల దానికి చోటు దొరికింది. ఇప్పటికీ అక్కడి రూల్ ఏందంటే, మనుషులనూ సరుకునూ మోసేటట్టు తయారై, ఖాళీ బరువు 2,040 కిలోలు దాటకుండ, ఇంజన్ బలం అన్ని చక్రాలకు అందే బండి ఆ వర్గంలకు వస్తది. చూసిండ్రా, "అన్ని చక్రాలకు" అన్న మాట చట్టంల ఉన్నది.

యూరప్‌ల ఆఫ్ రోడ్ బండికి ఇంకా గట్టి పరీక్ష. ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒకేసారి లాగాలె. ఒక్క డిఫరెన్షియల్ లాక్ అయినా, అట్లాంటి పని చేసే పరికరమైనా ఉండాలె. 30 శాతం ఎత్తు ఎక్కాలె. ఇరుసుల కింద 180 మిల్లీమీటర్ల ఎత్తు, రెండు ఇరుసుల నడుమ 200, ఎక్కేటప్పుడు ముందు మూతి తగలకుండ 25 డిగ్రీలు, దిగేటప్పుడు వెనక తగలకుండ 20, నడుమ కడుపు తగలకుండ 20. ఈ ఆరు కొలతల్ల ఐదు నెగ్గాలె. మన ఊరి మెకానిక్ కూడా ఒప్పుకునే లెక్క ఇది. అమెరికాల అయితే మహీంద్రా వాళ్లు మన పాత జీపు వంశంలనే రాక్సర్ అని ఒకటి 2018ల మిషిగన్‌ల తయారు చేసి అమ్మిండ్రు, రోడ్డుకు కాదు, పొలాలకు, అడవి బాటలకు. మన జీపు అక్కడ పొలం బండి, పుట్టి పెరిగిన కాడ కారు.

ఇప్పుడు నా మీదికి రాబోయే రాళ్లకు జవాబు చెప్త.

రైతు జీపుకు రాయితీ ఇస్తే ఫామ్‌హౌస్ ఓనర్లు అనుభవిస్తరు అంటరు. ఇది వట్టి మాట కాదు. మన గుమ్మడిదల నుంచి నర్సాపూర్ దాకా ఎన్ని గేట్లు లేచినయో మీరూ చూస్తున్నరు. వాళ్లల్ల కొందరికి పాసుబుక్కు కూడా ఉంటది. అందుకే నేను పాసుబుక్కు ఒక్కటే చూడమని అంటలేను. బండిని కూడా చూడమంటున్న. రెండు ఇరుసులు లాగాలె, లో గేర్ ఉండాలె, ట్రాలీ కొక్కెం ఉండాలె, ఖాళీ బరువుకు పరిమితి ఉండాలె. సన్‌రూఫ్, తోలు సీట్లు ఉన్నదానికి ఇయ్యకండి. లావు టైర్లు, వించ్ బిగించినదానికి అసలే వద్దు. చట్టంలనే 52వ సెక్షన్ ఉన్నది, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేటట్టు బండి మార్చొద్దని. 2019ల సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. అది అందరికీ ఒకటే తీరుగ అమలు చేస్తే సగం ఫ్యాషన్ జీపులు అట్లనే ఆగుతయి. ఇది చదివే మన పిలగాళ్లల్ల కూడా కొందరు బంపర్లు మార్చిండ్రు, వాళ్లు నా మీద కోపం చేసుకోకుండ్రి.

పొగ సంగతి ఎత్తుతరు. ఎత్తాలె కూడా. బొంతపల్లిల ఉండి గాలి గురించి తేలికగ మాట్లాడితే మన నోరే మనల్ని తిడతది. రాత్రి కిటికీలు మూసుకొని పండుకునే ఊరు మనది. పాత డీజిల్ నల్లగ వదిలితే దాన్ని నిలబెట్టాల్సిందే. పొల్యూషన్ పరీక్ష, బ్రేకుల పరీక్ష, ఫిట్‌నెస్, వీటిల ఒక్కటి కూడా మినహాయింపు నేను అడుగుతలేను. నాజిల్ సరిచేయించి, పంప్ సెట్ చేయించి తెస్త, మీటర్ పెట్టి చూడండి. కాని సంవత్సరానికి మూడు వేల కిలోమీటర్లు కూడా తిరగని నా బండిని, రోజుకు వంద తిరిగే బండిని వయసు ఒక్కటి చూసి ఒకే గాట కట్టుడు న్యాయం కాదు.

మన తప్పు కూడా ఉన్నది. పెండ్లికి పద్దెనిమిది మందిని ఎక్కిచ్చినం, జాతరకు టాప్ మీద కూర్చోబెట్టినం, బడి పిల్లలను వెనక డోర్‌కు వేలాడదీసినం. అవన్నీ చూసినోడు జీపును రైతు పనిముట్టు అని ఎట్ల అనుకుంటడు? నా బండిల మొన్న సంక్రాంతికి కూడా పదకొండు మంది ఎక్కిండ్రు. చెప్తున్న కదా.

అడిగేది పెద్దది కాదు. ఆర్సీల ఒక్క గడి, ఎన్ని చక్రాలు లాగుతయి, లో గేర్ ఉందా అని. ఆ గడి ఆధారంగ, పట్టా ఉండి సాగు చేసే రైతు పేరు మీద ఒక బండికి "వ్యవసాయ ద్వంద్వ వినియోగ వాహనం" అనో, ఇంకేదో పేరుతోనో ఒక వర్గం. రెన్యువల్ ఫీజు దానికి తగ్గట్టు. నిర్వచనాలు కేంద్రం చేతిల ఉన్నయి, జీఎస్టీ కౌన్సిల్ చేతిల ఉన్నది. లైఫ్ ట్యాక్స్, గ్రీన్ ట్యాక్స్ మాత్రం రాష్ట్రం చేతిలవే, హైదరాబాద్‌ల కూర్చొని తేల్చొచ్చు. మన జిల్లాలనే జహీరాబాద్‌ల మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉన్నది. ట్రాక్టర్ అంటే ఏందో, జీపు అంటే ఏందో తెలిసినోళ్లకు ఇక్కడ కరువు లేదు, అడిగితే చెప్తరు.

అప్పటిదాకా పాత ఫోర్ బై ఫోర్ ఉన్నోళ్లు దాన్ని ఎవడో భయపెడితే అమ్మకుండ్రి. ఆర్సీల గడువు తేదీ చూసుకోండి, దాటకముందే ఫారం 25 పెట్టండి. అమ్మాల్నే అనుకుంటే ముందు ఇరుసు చూపించి, దాని ధర తెలుసుకొని అమ్మండి, తూకానికి ఇయ్యకుండ్రి.

వచ్చే సోమవారం సంగారెడ్డి కలెక్టరేట్‌ల ప్రజావాణికి అర్జీ తీసుకొని పోతున్న. ఇప్పటికి తొమ్మిది ఆర్సీ జిరాక్సులు జమ అయినయి, ఒకటి మా మేనమామ పాత బండిది కూడా, ఆయన ఇంకా దాచుకున్నడు. మీది కూడా ఉంటే ఆదివారం పొద్దుగూకేలోపు గుడి కాడికి తెచ్చి ఇయ్యండి. పొద్దున ఏడింటికి బయలుదేరుత. జీపుల ఐదుగురికి చోటు ఉన్నది, ఈసారి ఆరో మనిషిని ఎక్కిచ్చుకోను.